పొగమంచులో పరుగు, పాప ఊపిరి

చలికాలం రాగానే మీ ఇంట్లోనూ రాత్రిళ్లు పిల్లికూతలు వినిపిస్తాయా? అయితే ఈ నాలుగు మాటలు మీకోసమే. నేను ఏడో తరగతి చదువుతున్న అమ్మాయికి తల్లిని. మా పాపకు ఐదో ఏటి నుంచి ఉబ్బసం.

మన గుంటూరు వైపు చలికాలం సంగతి మీకు చెప్పాలా! తెల్లవారితే పొగమంచు, పొలాల్లో పత్తికట్టె తగలబెట్టిన పొగ, సంక్రాంతి దాటితే కల్లాల మీంచి వచ్చే మిరప ఘాటు. పెద్దవాళ్లమే ముక్కుకు తువ్వాలు అడ్డం పెట్టుకుంటాం. అందుకే ఆటల పీరియడ్ నుంచి మినహాయింపు ఉత్తరం రాసిస్తారా అని కిందటేడు డాక్టరు గారిని అడిగాం. "రాయడానికేముందమ్మా, నిమిషం పని. కానీ ముందు జబ్బును అదుపులో పెడదాం, తర్వాత పరిగెత్తిద్దాం" అన్నారాయన. మా అత్తయ్య గారికి ఆ మాట అస్సలు నచ్చలేదు. "చలిలో పిల్లను పరిగెత్తించమనే డాక్టరేమిటమ్మా?" అన్నారు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇదీ. పరిగెత్తేటప్పుడు నోటితో గాలి పీలుస్తాం. ఆ గాలి చల్లగా, పొడిగా ఉంటే ఊపిరి గొట్టాల్లో తడి ఆరిపోయి అవి బిగుసుకుంటాయి. మంచు దేశాల్లో స్కీయింగ్ పోటీలకు వెళ్లేవాళ్లలో ఉబ్బసం ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదేనట. అంతమాత్రాన వాళ్లు ఆట మానరు. పౌలా రాడ్‌క్లిఫ్ అనే బ్రిటన్ అమ్మాయికి 14 ఏళ్లప్పుడే ఉబ్బసం ఉందని తేలింది. ఆమే 2003లో లండన్ మారథాన్‌ను 2 గంటల 15 నిమిషాల 25 సెకన్లలో పరిగెత్తి ప్రపంచ రికార్డు పెట్టింది. ఈ ముక్క విన్నాక మా పాపను ఆపడం ఎవరి తరం!

మేం ఎంచుకున్న చోటు కొండవీడు. గుంటూరుకు సుమారు 25 కిలోమీటర్లు. రెడ్డిరాజులు అద్దంకి నుంచి రాజధానిని మార్చుకున్న కొండ, 1515లో కృష్ణదేవరాయలు గెలుచుకున్న కోట. మాకు మాత్రం అది చెట్ల మధ్య కాలిబాట. పత్తి పొగ, మిరప ఘాటు కిందే ఉండిపోతాయి. ఘాట్ రోడ్డు మీద కార్లొస్తాయి కాబట్టి మట్టిబాటే మాకు మేలు. ఎండ పడ్డాకే మొదలుపెడతాం. చీకట్లో, దట్టమైన పొగమంచులో వెళ్లం.

ముందు పది నిమిషాలు నడక. తర్వాత రెండు నిమిషాలు మెల్లగా పరుగు, ఒక నిమిషం నడక. డాక్టరు గారు చెప్పినట్టు బయల్దేరే ముందే ఇన్‌హేలరు. మెడలో పల్చటి నూలు కండువా, చలి ఎక్కువైతే ముక్కు మీదికి. రాళ్ల మీద మంచు తడి ఉంటుంది కాబట్టి చిన్న చిన్న అడుగులు. మా తమ్ముడు మిషిగన్‌లో ఉంటాడు. వాళ్ల ఊరి అడవి పార్కులో మోకాటి దాకా పడ్డ మంచులో పరిగెడుతూ వీడియో కాల్ చేస్తాడు. వాడూ చిన్న అడుగులే వేస్తాడు. మనకు అదీ మంచే, గడ్డి మీద మెరిసేదీ మంచే. ఒకటే మాట.

పరిగెడుతూ పూర్తి వాక్యం మాట్లాడగలగాలన్నది మా నియమం. రెండు మాటలకే ఆయాసపడితే ఆగిపోవాలి.

జనవరిలో ఒక ఆదివారం అలాగే ఆగింది. ఎవరో ఎండాకులకు నిప్పు పెట్టారు, పొగ బాట మీదికి వచ్చింది. "అమ్మా..." అని ఇంకో మాట అనలేకపోయింది. నా గుండె జారిపోయింది. రాతి మీద నిటారుగా కూర్చోబెట్టి, స్పేసరు పెట్టి, చెప్పిన లెక్క ప్రకారం మందు ఇచ్చాను. వాళ్ల నాన్న కారు తేవడానికి కిందికి పరిగెత్తారు. మందుకు తగ్గకపోతే నేరుగా ఆసుపత్రికే అనుకున్నాం. పది నిమిషాలకు పాప మాట్లాడింది. మొదటి మాట, "నానమ్మకు చెప్పకు."

చెప్పాను. దాచే విషయమా అది? అత్తయ్య గారు చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాతి శనివారం రాత్రి ఆవిడే కండువా ఉతికి ఆరేశారు.

మీ బిడ్డను రేపే కొండెక్కించమని నేననను. డాక్టరును అడగకుండా అసలు వద్దు. రోజూ వాడే మందు "బాగానే ఉంది కదా" అని ఆపకండి. ఎప్పుడు ఏ ఇన్‌హేలరు, ఎన్నిసార్లు, ఎప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లాలి అన్నది డాక్టరు చేత ఒక కాగితం మీద రాయించి, క్లాస్ టీచరుకు ఒక కాపీ ఇవ్వండి. బడి సంచిలో ఒక ఇన్‌హేలరు ఎప్పుడూ ఉండాలి. దాని గడువు తేదీ ఈ రోజే చూడండి.

స్పోర్ట్స్ డేకి మా పాప 800 మీటర్లకు పేరిచ్చి వచ్చింది, మమ్మల్ని అడక్కుండానే. ఆ రోజు ఇన్‌హేలరు ఎవరి చేతిలో ఉండాలో సోమవారం పీఈటీ సారుతో మాట్లాడాలి.