ప్రైవేటుగా చదివిన పరీక్ష

గత మాసమున పదవ తరగతి విద్యార్థిని యొకతె బడి విడిచిన పిమ్మట మా బల్లయొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, నన్నిక కాలేజీకి పంపలేమని మా నాన్నగారు చెప్పిరి. ఇంటనుండియే ఇంటర్మీడియట్ వ్రాయవలెనన్న ఏ గ్రూపు తీసికొనవలెనండీ?" అని యడిగెను. మే మప్పటి కుత్తర మీయలేకపోతిమి. 1998 లో అదే ప్రశ్న మా యెదుటను నిలిచెను.

1997-98 పంటకాలమున పత్తిచేలను పచ్చపురుగు పట్టి పాడుచేసిన సంగతిని మన ప్రాంతపు పెద్దలు మఱచియుండరు. మందుమీద మందు చల్లినను పురుగు చావలేదు. అప్పు మాత్రము పెరిగెను. మా తండ్రిగారు మూడెకరములు కౌలునకు తీసికొని పత్తి వేసియుండిరి. ఆ వేసవిలో మేము పదవ తరగతి మంచి మార్కులతో నుత్తీర్ణులమైతిమి గాని, కాలేజీ మాట ఇంటిలో నెవ్వరును ఎత్తలేదు. మేమును ఎత్తలేదు.

ఇంటర్మీడియట్ బోర్డువారు హాజరు మినహాయింపు రుసుము గైకొని, ప్రైవేటుగా వ్రాయుటకు అనుమతి నిచ్చుచుండిరి. అయితే సైన్సు గ్రూపులకు ప్రయోగశాల కావలెను గనుక వానికి ఆ వీలు లేదు. మా తోడి బాలురందఱును గణితము, సైన్సు అని పరుగిడుచుండగా మాకు కలిగిన చిన్నతనము ఇప్పటికిని కొంత మిగిలియున్నదని యొప్పుకొనుట మంచిది. పౌరశాస్త్రము, అర్థశాస్త్రము ఎట్లును ఉండును. వానితో చరిత్ర తీసికొనుటయా, వాణిజ్యశాస్త్రము తీసికొనుటయా యన్నదే తేలవలసియుండెను.

పెద్దలందఱును చరిత్రయే మేలనిరి. "అది కథవలె చదువుకొనవచ్చును. ఖాతా లెక్కలు నీకు నేర్పువా రెవరురా?" అని వారి వాదము. తెలుగు అకాడమీవారి పుస్తకములు రెండును ఎరువు తెచ్చుకొని ఒక మాసము చదివి చూచితిమి. చరిత్రలో ఒక ప్రశ్నకు నాలుగు పుటల జవాబు వ్రాసితిమి. అది బాగున్నదా, లేదా? మాకు బాగుగనే తోచెను! దిద్దువారు లేనపుడు మన వ్రాత మనకెప్పుడును బాగుగనే తోచును గదా. వాణిజ్యశాస్త్రమున నట్లు కాదు. జంటపద్దు విధానమున ప్రతి వ్యవహారమును రెండు ఖాతాలలో వ్రాయవలెను. ఒకదానికి డెబిట్, మఱియొకదానికి క్రెడిట్. చిట్టానుండి ఆవర్జాకు ఎక్కించి, నిల్వలు తేల్చి, అంకణా తయారుచేసినపుడు రెండువైపుల మొత్తములు సమానము కావలెను. కాకున్న ఎక్కడనో తప్పు జరిగినదన్నమాట. అర్ధరాత్రమైనను, ఉపాధ్యాయుడు లేకున్నను ఆ సంగతిని అంకణాయే చెప్పును. ఈ యొక్క కారణముచేతనే మేము వాణిజ్యశాస్త్రము నెన్నుకొంటిమి.

పుస్తకములోని లెక్కలు చాలక ఇంటి లెక్కయే వ్రాయ మొదలిడితిమి. కౌలు, విత్తనము, పురుగుమందు, కూలి, కమీషనుదారునియొద్ద తెచ్చిన అప్పు, వీని కన్నిటికిని వేర్వేరు ఖాతాలు తెఱచితిమి. అంకణా సరిపోయెను. ఆ గర్వముతో ఇనుపపెట్టెలోని నగదు లెక్కింపగా, పుస్తకము ప్రకార ముండవలసినదానికంటె 1,800 రూపాయలు తక్కువగా నుండెను. మూడు దినములు కూడికలు తిరుగవేసితిమి. చివరకు సిగ్గుతో తండ్రిగారినే యడిగితిమి. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, మా హైస్కూలు హాస్టలు నిమిత్తము పెదనాన్నగారివద్ద చేసిన అప్పును కొంచెముకొంచెముగా తీర్చుచున్నానని చెప్పిరి. మా అమ్మగారికి సైతము తెలియదట. ఆ రాత్రి పుస్తకము తెఱచి చూచితిమి. బొత్తిగా వ్రాయక విడిచిన వ్యవహారమును అంకణా బయటపెట్టజాలదని అందులోనే యున్నది. ఆ వాక్యమును మే మదివరకే కంఠస్థము చేసియుంటిమి.

మఱుసటి యేడు తండ్రిగారు పత్తి మాని మిరప వేసిరి. మిరపకోతలు జనవరిలో ఊపందుకొని మార్చి దాటును, పరీక్షలును మార్చిలోనే. కావున వానకాలముననే పాఠములు ముగించి, క్రిస్మసు తరువాత కొత్త పాఠము ముట్టరాదని నియమము పెట్టుకొంటిమి. పగలు కల్లములో తాలుకాయ లేరుచు, రాత్రి కాయకు కావలి పండుకొని లాంతరు వెలుతురున చదివినదే తిరిగి చదివితిమి. అర్థశాస్త్రమునకు గుంటూరు మిర్చి యార్డు మాకొక ఉపాధ్యాయుడైనదని చెప్పవచ్చును. టిక్కీలు విరివిగా దిగిన దినమున ధర జాఱుటయు, శీతల గిడ్డంగిలో నిలువచేయగలవారు మాత్రము ఆగి అమ్ముకొనుటయు కన్నులార చూచితిమి. మేము ఆగలేనివారిలోనే యుంటిమి.

వాణిజ్యశాస్త్రమున మంచి మార్కులే వచ్చెను. పౌరశాస్త్రమున మాత్రము ఎట్లో గట్టెక్కితిమి. ఆ జవాబులును మాకు బాగుగనే తోచినవి మఱి! ఆ పరీక్ష బలముననే ఉపాధ్యాయ శిక్షణకు పోగలిగితిమి.

మఱునాడు ఆ బాలికను పిలిచి, ఇప్పుడు సార్వత్రిక విద్యాపీఠము ద్వారా వ్రాయుమార్గము కూడ నున్నదని చెప్పి, వాణిజ్యశాస్త్రము తీసికొమ్మని చెప్పబోయితిమి. నోటివఱకు వచ్చిన మాట నాపి, "నీవు వ్రాసినది దిద్దువా రెవరైన నున్నారా అమ్మా?" అని యడిగితిమి.

"మా వదినగారున్నారండీ. బి.ఏ. చరిత్ర చదివినారు. ప్రొద్దున పత్తి ఏరుటకు పోయి, సాయంత్రము వచ్చి నాకు పాఠము చెప్పుదురు."

మా యుత్తరము ఆమెకు పనికిరాదని తెలిసెను. ఆ వదినగారిని ఆదివారము ఆరాధనానంతరము ఒకసారి పాఠశాలకు రమ్మని కబురు పంపితిమి.