సామాను పెట్టుకునే చోటు

దిల్లీలో మూడు రోజుల బసకు మేము బస్తీ నిజాముద్దీన్‌ను సౌకర్యం చూసే ఎంచుకున్నాము. దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ దిగితే ఆటోకు కొద్ది దూరం. సరాయ్ కాలేఖాన్ బస్ స్టాండు, మెట్రో స్టేషను పక్కపక్కనే. మథురా రోడ్డు దాటితే హుమాయూన్ సమాధి. ఫజ్ర్‌కు మసీదు, రాత్రికి వేడి రోటీ గల్లీలోనే దొరుకుతాయి (గది అద్దె మాత్రం ముందే మాట్లాడుకోవాలి). ఆ గదిని సామాను పెట్టుకునే చోటుగానే భావించాము.

మొదటి రోజు ఎర్రకోట, జామా మసీదు చూశాము. రెండవ రోజు కుతుబ్ మీనార్‌కు బయలుదేరుతుండగా మా శ్రీమతి మోకాళ్లు మొరాయించాయి. "మీరు వెళ్లి రండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నారు. వెళ్లాము. వెళ్లకుండా ఉండవలసింది.

అస్ర్ తరువాత తిరిగి వస్తే ఆమె మమ్మల్ని దర్గా ఆవరణలోకి తీసుకువెళ్లారు. లోపలి గదిలోకి స్త్రీలకు ప్రవేశం లేదు; సమాధుల వద్ద మొక్కులు మాకు సమ్మతం కాదనీ ఆమెకు తెలుసు. ఆమె చూపించింది వేరు. పాలరాతి జాలీల నడుమ, పైకప్పు లేని సమాధి. దాని మధ్య మట్టి, మట్టిలో పచ్చగడ్డి. 1681లో మరణించిన జహానారా బేగం, షాజహాన్ కుమార్తె. తన సమాధిపై పచ్చిక తప్ప మరే కప్పూ వద్దన్న కోరిక అక్కడి ఫలకంపై చెక్కి ఉంది.

సమాధి నిరాడంబరంగా ఉండాలని ఏళ్ల తరబడి పిల్లలకు చెబుతున్నాము. ఆ పాఠం మా గదికి రెండు గల్లీల అవతల ఉండగా నగరమంతా తిరిగి వచ్చాము. "పొద్దుటి నుంచి మూడుసార్లు వచ్చి చూశాను" అన్నారామె.

మూడవ రోజు బస్సు ఎక్కలేదు. ఆమె నడకకు మా నడక కలిపి గాలిబ్ సమాధి దాకా వెళ్లి, గల్లీ మొగలో చాయ్ తాగాము.