బాతుల గూడూ గబ్బిలాల గూడూ

లండన్‌కు వాయవ్యంగా, బకింగ్‌హామ్‌షైర్‌లో షీప్‌హౌస్ వుడ్ అని ఒక పాత అడవి ఉంది. మా ఊరికి పెద్ద దూరం కాదు. దాని పక్కనుంచే హెచ్‌ఎస్2 అనే హైస్పీడు రైలు వెళ్లబోతోంది. ఆ అడవిలో అరుదైన జాతి గబ్బిలాలు ఉన్నాయి. అవి రైళ్లకు తగిలి చావకుండా పట్టాల పొడవునా, కిలోమీటరుకు కాస్త తక్కువగా, కాంక్రీటుతో వంపు తిరిగిన గూడు కడుతున్నారు. దానికి 10 కోట్ల పౌండ్లకు పైనే అవుతోందని హెచ్‌ఎస్2 ఛైర్మన్ జాన్ థాంప్సనే 2024 నవంబరులో బయటపెట్టారు. మన లెక్కలో వెయ్యి కోట్ల రూపాయల పైమాట. ఆ మర్నెల ప్రధాని స్టార్మర్ కూడా ఒక ప్రసంగంలో దాన్ని వెక్కిరించారు. దేశాన్ని ఏలేవాడే మనలాగా వాపోతే, ఇక మన మొర ఎవరికి చెప్పుకోవాలో?

ఈ వార్త వచ్చిన రోజు మా పక్కింటి పెద్దాయన కంచె మీదుగా పేపరు చూపించి ఒక్కటే మాటన్నాడు: “బాతులకు వెయ్యిన్నర, గబ్బిలాలకు పది కోట్లు.” జీవితమంతా ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. లెక్కలంటే ప్రాణం. బాతుల సంగతి నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో జరిగింది కాబట్టి నాకు వెంటనే అర్థమైంది. ఇక్కడి ఓటర్లు ఇప్పటికీ దాన్ని నిన్న మొన్న జరిగినట్టే చెప్పుకుంటారు.

2009 మే నెలలో డైలీ టెలిగ్రాఫ్ పత్రిక ఎంపీల ఖర్చుల చిట్టాలు రోజుకు కొన్ని చొప్పున అచ్చేయడం మొదలుపెట్టింది. లండన్‌కు దూరంగా నియోజకవర్గం ఉన్న ఎంపీ రెండో ఇల్లు పెట్టుకోవాలి కదా, దాని ఖర్చు అప్పట్లో ప్రభుత్వం భరించేది. ఏడాదికి గరిష్ఠంగా 24 వేల పౌండ్లు. తిండికి నెలకు 400 పౌండ్ల దాకా రసీదు లేకుండానే అడిగే వీలుండేది. వంటింటికి ఎంత, టీవీకి ఎంత అని లోపల్లోపల ఒక ధరల పట్టీ కూడా ఉండేది. జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణం ధరలను బట్టి తయారుచేసింది. ఈ వివరాలు బయటికి రాకుండా పార్లమెంటు చేయని ప్రయత్నం లేదు. హెదర్ బ్రూక్ అనే జర్నలిస్టు సమాచార హక్కు కింద ఏళ్ల తరబడి పోరాడి 2008లో హైకోర్టులో గెలిచినా, కాగితాలు నానుతూనే ఉన్నాయి. ఈలోగా ఎవరో మొత్తం దస్త్రాన్నే పత్రికకు చేర్చారు. తర్వాత పార్లమెంటు తానే అధికారికంగా విడుదల చేసిన ప్రతుల్లో సగం పంక్తుల మీద నల్ల పట్టీలు!

అందులో పీటర్ విగ్గర్స్ అనే ఎంపీ, తన కొలనులో బాతులకు నీటి మీద తేలే ఇంటి కోసం 1,645 పౌండ్ల బిల్లు పెట్టాడు. డగ్లస్ హాగ్ అనే ఆయన పంపిన ఖర్చుల జాబితాలో 2,115 పౌండ్లకు ఇంటిచుట్టూ కందకం శుభ్రం చేయించిన పద్దు ఉంది. గోల్కొండకు కందకం ఉందంటే తెలుసు గానీ, ఎంపీ ఇంటికి కందకం ఏమిటని మా ఆఫీసులో ఇద్దరు హైదరాబాదీలం నోరు వెళ్లబెట్టాం. హోం మంత్రి జాకీ స్మిత్ చిట్టాలో బాత్‌టబ్ బిరడా ఒకటుంది. ఖరీదు 88 పెన్నీలు. దేశమంతా ఆ బిరడాను పట్టుకుంది. ఆమె జూన్‌లో పదవి వదిలారు, మరుసటి ఏడాది సీటూ ఓడారు. స్పీకర్ మైకేల్ మార్టిన్ దిగిపోయారు. స్పీకర్‌ను అలా దింపడం 1695 తర్వాత అదే మొదటిసారి. రెండో ఇల్లు ఏదో ఎప్పటికప్పుడు మార్చి చూపించినవాళ్లు, లేని అప్పుకు వడ్డీ రాబట్టినవాళ్లు కూడా బయటపడ్డారు. కొందరు జైలుకు వెళ్లారు. డేవిడ్ చేటర్‌కు 18 నెలలు పడింది.

ఇందులో ఒక చిక్కు ఉంది, మా పక్కింటాయనకు చెప్పినా వినడు. బాతుల ఇంటి బిల్లుకు డబ్బు ఇవ్వనే లేదు. పార్లమెంటు అధికారులే అప్పట్లో దాన్ని కొట్టేశారు. విగ్గర్స్ మాత్రం తర్వాతి ఎన్నికల్లో పోటీ చేయనని తప్పుకోక తప్పలేదు. పైగా ఆ ఇల్లు బాతులకే నచ్చలేదట! ఖజానా నుంచి ఒక్క పైసా కదలని పద్దు ఒకటి ఆ కుంభకోణం మొత్తానికి గుర్తుగా మిగిలిపోయింది. ఎంపీల నుంచి ఎంత రాబట్టాలో తేల్చడానికి సర్ థామస్ లెగ్ చేత విచారణ జరిపించారు. తిరిగి కట్టమన్నది సుమారు 11.2 లక్షల పౌండ్లు. విచారణకు అయిన ఖర్చు సుమారు 11.6 లక్షలు. దుబారాను పట్టుకోవడంలోనూ దుబారా అంటే ఇదే.

నా మొదటి ఓటు ఆ కోపం నడుమే పడింది, 2010 మేలో. భారత పౌరుడిగా, వర్క్ పర్మిట్ మీద ఉండి, బ్రిటన్ పార్లమెంటుకు నేను ఓటేయడమేమిటని డాలస్‌లో ఉన్న మా పెద్దమ్మ కొడుకు నమ్మలేదు. వాడు గ్రీన్‌కార్డు తీసుకుని, పన్ను కడుతూ, ఎన్నికల రోజు ఇంట్లో కూర్చునే బాపతు. ఇక్కడ కామన్వెల్త్ దేశాల వాళ్లకు ఆ హక్కు ఉంది, పేరు నమోదు చేయించుకుంటే చాలు. ఊరి హాల్లో పోలింగ్ బూత్. అప్పట్లో గుర్తింపు కార్డు కూడా అడిగేవారు కాదు. పేరూ చిరునామా చెప్తే బ్యాలెట్ చేతిలో పెట్టారు. దారం కట్టిన పెన్సిలు. వేలికి సిరా లేదు, పోలీసు లేడు, గేటు బయట పార్టీ కండువాల గుంపు లేదు. ఎన్నికలు నిజంగా జరుగుతున్నాయా అని అనుమానం వచ్చింది.

తీరా బ్యాలెట్ చూస్తే కోపం తీర్చుకునే దారే లేదు. మాది బకింగ్‌హామ్ నియోజకవర్గం. మార్టిన్ స్థానంలో వచ్చిన కొత్త స్పీకర్ జాన్ బెర్కో మా ఎంపీయే. స్పీకర్ మీద పెద్ద పార్టీలు పోటీ పెట్టకపోవడం ఇక్కడి ఆచారం. లేబరూ లేదు, లిబరల్ డెమోక్రాట్లూ లేరు. ఉన్నవాళ్లలో నైజెల్ ఫరాజ్ ఒకడు. ఆయనకు మూడో స్థానం దక్కింది. దేశమంతా ఎంపీలను శిక్షించడానికి బయల్దేరిన ఏడాది, మా పెద్దాయన ఆ హాలు మెట్ల మీద నిలబడి, “మెనూలో ఒక్కటే కూర ఉన్న హోటల్” అని విసుక్కున్నాడు.

అప్పుడు అది చిన్న విషయంలా కనిపించింది. 2016 మార్చిలో హెచ్‌ఎస్2 బిల్లు కామన్స్‌లో మూడో పఠనానికి వచ్చింది. అనుకూలం 399, వ్యతిరేకం 44. రైలు మా నియోజకవర్గం మధ్యలోంచి వెళ్తుంది. స్టేషన్ మాత్రం ఇక్కడ లేదు. మరి మా ఎంపీ ఎటు ఓటేశాడు? స్పీకర్ సాధారణంగా ఓటు వేయడు. ఆ 443 పేర్లలో మా పేరు చెప్పుకునే మనిషి లేడు.

ఇక ఆ రైలు కథ ఎంత క్లుప్తంగా చెప్తే అంత మంచిది, రక్తపోటు పెరుగుతుంది. 2015లో లండన్ నుంచి మాంచెస్టర్, లీడ్స్ దాకా మొత్తం దారికి వేసిన లెక్క 5,570 కోట్ల పౌండ్లు. లీడ్స్ కొమ్మ ముందే పోయింది. 2023 అక్టోబరులో రిషి సునాక్ మాంచెస్టర్ కొమ్మనూ నరికేశారు. ఆ ప్రకటన చేసింది మాంచెస్టర్ నడిబొడ్డున, ఒకప్పటి రైల్వే స్టేషన్‌ను మార్చి కట్టిన సభాభవనంలో! ఇంత ధైర్యం మన నాయకులకు కూడా ఉండదేమో. మిగిలింది లండన్–బర్మింగ్‌హామ్ ముక్క. అది కూడా 2033కల్లా అవదని 2025 జూన్‌లో రవాణా మంత్రి చెప్పేశారు. ఖర్చు పెరగడానికి కారణాల్లో చట్టసభ కూడా ఉంది. బిల్లు కమిటీలో ఉండగా చిల్టర్న్ కొండల కింద సొరంగాన్ని ఇంకాస్త పొడిగించారు. కొండల అందం చెడకూడదని అక్కడి ఓటర్లు, వాళ్ల తరఫున ఎంపీలు పట్టుబట్టారు. మా పెద్దాయన కూడా ఆ సొరంగం కావాలని కార్డు రాసి పంపినవాడే. అది గుర్తుచేస్తే మాట మారుస్తాడు.

గబ్బిలాల గూడు విషయానికొస్తే, దానికి ఎవరు జవాబుదారీ? గబ్బిలాలను కాపాడే చట్టం పార్లమెంటుది. అనుమతి విషయంలో సలహా చెప్పింది నేచురల్ ఇంగ్లండ్. ఫలానా ఆకారంలోనే కట్టమని మేం అనలేదని ఆ సంస్థ అంటుంది. నమూనా గీసింది హెచ్‌ఎస్2. పర్మిషన్‌కు తిప్పింది కౌన్సిలు అని హెచ్‌ఎస్2 అంటుంది. అందరూ నియమాల ప్రకారమే పోయారు. బాతుల ఇంటికైతే కాగితం కింద ఒక సంతకం ఉంది. ఆ సంతకం పెట్టిన మనిషికి ముఖం ఉంది, ఊరుంది, కొలను ఉంది. అందుకే 1,645 పౌండ్లకు ఒక ఎంపీ రాజకీయ జీవితం ముగిసింది. 10 కోట్లకు ఎవరిదీ ముగియలేదు. జనానికి చిన్న అంకెలే అర్థమవుతాయని పండితులు ఎత్తిపొడుస్తుంటారు, నేను ఒప్పుకోను. పోస్టుమన్‌గా చేసిన మనిషికి 10 కోట్లలో ఎన్ని సున్నాలో బాగానే తెలుసు. ఉత్తరం ఎవరి పేరున పంపాలో మాత్రం తెలియదు.

దీనికి రుజువు మా పారిష్ కౌన్సిల్ మీటింగుల్లో దొరుకుతుంది. పారిష్ కౌన్సిల్ అంటే మన పంచాయతీ లాంటిదే, అధికారాలు ఇంకా తక్కువ. మార్చిలో వచ్చే కౌన్సిల్ ట్యాక్సు బిల్లులో దాని వాటా అన్నిటికంటే కింద, పోలీసు, ఫైర్ వాటాల తర్వాత కనిపిస్తుంది. ఒకసారి మా పెద్దాయన ఆ బిల్లు పట్టుకుని నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. లైటు స్తంభాలకు వేలాడదీసే పూలబుట్టలకు నిరుటికంటే ఎందుకు ఎక్కువైందని నిలదీశాడు. క్లర్కు, పెద్దావిడ, ఫైలు తెరిచి రసీదు తీసి బల్ల మీద పెట్టింది. నీళ్లు పోసే మనిషి కూలి పెరిగిందట. వారానికి ఎన్నిసార్లు పోస్తాడు, వాన పడిన వారం కూడా కూలి ఇస్తారా అని అరగంట నడిచింది. చివరికి వాన వారం కూలి ఉండదని తీర్మానం రాసుకున్నారు. ఆ అరగంటలో బయట రోడ్డు మీద హెచ్‌ఎస్2 మట్టిలారీలు ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కిటికీ అద్దాలు గలగలమంటూనే ఉన్నాయి. వాటి గురించి అడగడానికి ఆ గదిలో ఎవరూ లేరు.

ఈ ముచ్చట తెనాలిలో ఉన్న మా బాబాయికి ఫోన్లో చెప్తే నవ్వాడు. “ఏరా, పూలబుట్టకు రసీదు చూపించారా? ఇక్కడ పంచాయతీ ఆఫీసుకు పార్టీ రంగులేశారు, కోర్టు తుడిచెయ్యమంటే మళ్లీ వేరే రంగేశారు. ఏ రంగు డబ్బాకి ఎంతయిందో అడిగినవాడు లేడు.” పార్టీ రంగులు తీసేయమన్న హైకోర్టు తీర్పును 2020 జూన్‌లో సుప్రీంకోర్టు కూడా సమర్థించిన సంగతి తెలిసిందే. అంతకు ముందటేడు అదే జూన్‌లో, ముందటి ప్రభుత్వం కట్టిన ఉండవల్లి ప్రజావేదికను కొత్త ప్రభుత్వం కూలగొట్టింది. కట్టినప్పుడూ జనం డబ్బే, కూల్చినప్పుడూ జనం డబ్బే. బాబాయి రెండు పార్టీలకూ ఓటేసి చూసిన మనిషి, ఎవరినీ వెనకేసుకురాడు.

“మీకు రసీదుంది, పేరు లేదు. మాకు పేరుకేం కొదవ? ప్రతి శిలాఫలకం మీదా ఎమ్మెల్యే పేరు, ఆయన బావమరిది పేరు, సర్పంచి పేరు” అన్నాడు. పక్కన ఖర్చు కూడా రాస్తారు కదా అన్నాను. “రాస్తారు. అంచనా వ్యయం అని రాస్తారు. అసలు ఎంతయిందో రాసిన రాయి నువ్వెప్పుడైనా చూశావా?” నాకు జవాబు దొరకలేదు. నిజంగానే చూడలేదు.

2009 కోపం వట్టిపోలేదని మాత్రం చెప్పాలి. ఎంపీల జీతం, ఖర్చులు ఇప్పుడు వాళ్ల చేతిలో లేవు. ఐప్సా అనే స్వతంత్ర సంస్థ చూస్తుంది. ప్రతి ఎంపీ అడిగిన ప్రతి పద్దూ నెట్‌లో ఉంటుంది. ఒకరోజు కూర్చుని వరసగా చూశాను. రైలు టికెట్టు, ఆఫీసు అద్దె, ప్రింటరు ఇంకు, మళ్లీ రైలు టికెట్టు. పది నిమిషాల్లో నిద్రొచ్చింది. అంటే వ్యవస్థ పనిచేస్తోందన్నమాట. వేల పౌండ్ల దగ్గర ఇంత శ్రద్ధ. కోవిడ్ మొదటి ఏడాది కొన్న మాస్కులు, గౌన్లలో 870 కోట్ల పౌండ్ల విలువను నష్టం కింద రాసేశారు. అక్కడ రైలు టికెట్టు చూసినట్టు ఒక్కొక్క పద్దూ చూసే వీలు నాకు కనిపించలేదు.

2024 జులై ఎన్నికల్లో దేశం మొత్తం మీద పోలింగు 60 శాతం దాటలేదు. ఆంధ్రాలో అదే ఏడాది 80 దాటింది. ఇప్పుడు ఇక్కడా ఫొటో గుర్తింపు చూపించాలి. నా భారత పాస్‌పోర్టు చెల్లింది. మా పెద్దాయన మాత్రం తొలిసారి ఇంట్లోనే ఉండిపోయాడు. కానీ వచ్చేసారి తప్పకుండా వెళ్తానంటున్నాడు, ఓటేయడానికి కాదు. ఆ పది కోట్లకు జవాబుదారీ ఎవరన్న తన ప్రశ్నను బ్యాలెట్ మీద అడ్డంగా రాసి వస్తాడట. చెల్లుతుందో లేదో తేలని కాగితాలను లెక్కింపు దగ్గర అభ్యర్థులకు, ఏజెంట్లకు చూపించి పక్కన పెడతారు కాబట్టి, కనీసం ఆ రాత్రి వాళ్లు చదవక తప్పదని ఆయన లెక్క. మా దేశంలో అంత శ్రమ అక్కర్లేదు, 2013 నుంచి నోటా మీట ఉందని గొప్పగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, “మరి ప్రశ్న రాసేది ఎక్కడ?” అని అడిగాడు. మెషీన్ మీద రాయడానికి చోటు లేదన్నాను. “అయితే మీ నాయకులు మావాళ్లకంటే తెలివైనవాళ్లే” అన్నాడు.