గంప దించే ముందు

మా కళింగపట్నంలో చేపల గంప నెత్తినెట్టుకుని వీధిలోకొచ్చే ఆడవాళ్ళకి తెలిసినంత బేరం విద్య ఏ కోర్సులోనూ దొరకదని నా గట్టి నమ్మకం. ఏ ఇంట్లో శనివారం నీచు ముట్టరో, ఎవరు కార్తీకం నెలంతా చేప వండరో, ఎవరి కోడలు పురిటికి పుట్టింటికెళ్ళిందో వాళ్ళకి తెలుసు. ఆ గుమ్మాల ముందు ఆ రోజుల్లో ఆగరు. ఆగిన చోట కూడా ముందు చేప మాటెత్తరు. "ఏటమ్మా, మావకి జొరం తగ్గిందా?" అని అడిగాకే గంప దిగుతుంది. వద్దంటే మొహం ముడుచుకోరు. "రేపు కానాగంతలొత్తాయి, మీకు తీసుంచుతాను" అని ముందుకు కదిలిపోతారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉన్న 61 రోజుల్లోనూ వీధిలో ఆ కేక వినపడుతూనే ఉంటుంది. అప్పుడు గంపలో ఎండు నెత్తళ్ళుంటాయి.

ఈ మాట ఎందుకెత్తానంటే, మా పిన్ని కూతురు ఇప్పుడు ఫోనులో సరుకు అమ్ముతోంది. పొందూరు ఖద్దరు, పలాస జీడిపప్పు. కొనేవాళ్ళు హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉంటారు. ఒకప్పుడు ఓడలు ఆగిన మా ఊరి రేవు ఎన్నడో మూతపడింది. ఈ ఊరి నుంచి సరుకు దూరాలకు వెళ్ళాలంటే ఇప్పుడు దారి వాట్సాప్, ఆ పైన స్పీడ్ పోస్టు. మొదట్లో తనూ అందరిలాగే చేసింది. "హాయ్ డియర్, ప్యూర్ ఖాదీ, బెస్ట్ ప్రైస్, ఆర్డర్ ప్లీజ్" అన్న ఒకే మెసేజిని ఫోనులో ఉన్న నంబర్లన్నిటికీ వదిలింది. రిటైరైన హెడ్మాస్టర్లకీ డియరే, పెళ్ళికాని పిల్లలకీ డియరే. జవాబు రాకపోతే మర్నాడు మళ్ళీ అదే. కొందరు బ్లాక్ చేశారు.

అది మర్యాదకి మాత్రమే సంబంధించిన సంగతి కాదు. వాట్సాప్‌లో ఒక బ్రాడ్‌కాస్ట్ జాబితాకి 256 మందిని చేర్చుకోవచ్చుగానీ, మన నంబరు తమ ఫోనులో దాచుకున్నవాళ్ళకే ఆ మెసేజి చేరుతుంది. తక్కినవాళ్ళ విషయంలో మన కష్టం గాలికి పోయినట్టే. ఎక్కువమంది బ్లాక్ చేసినా, ఫిర్యాదు చేసినా వాట్సాప్‌వాళ్ళు నంబరే మూసెయ్యొచ్చు. అంటే పరిచయం ముందు, బేరం తరవాత అన్న మా వీధి పద్ధతినే ఆ యంత్రమూ పట్టుకుంది. నాకది ఎంతో నచ్చింది.

తరవాత తన మెసేజి మారింది. "నమస్కారమండీ. పోయిన వారం మా పేజీలో మగవాళ్ళ పంచె ధర అడిగారు. రెండు రకాలున్నాయి, రెండింటి ధరలూ కింద రాశాను. తొందరేం లేదు, చూసి చెప్పండి." అంతే. ధర కావాలంటే ఇన్‌బాక్సుకి రండని తిప్పించుకోవడం మానేసింది. ధర దాచినవాళ్ళని చూస్తే మనిషిని బట్టి రేటు చెబుతారేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆ అనుమానం వచ్చాక ఇక నూలు ఎంత సన్నగా ఉంటేనేం!

అడిగి ఊరుకున్నవాళ్ళకి రెండోసారి ఏం రాయాలన్నదే అసలు చిక్కు. "ఏం నిర్ణయించుకున్నారు?" అని అడిగితే అప్పు వసూలుకి వచ్చినట్టుంటుంది. తను ఇంకో దారి పట్టింది. పొందూరు వెళ్ళినప్పుడు ఒక ముసలమ్మ పత్తి ఏకుతుంటే, ఆమెను అడిగి చేతులు మాత్రం కనపడేలా చిన్న వీడియో తీసుకుంది. గింజ వీడని పత్తిని అరచేతి కింద ఉంచి, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ దవడ మీది సన్నటి పళ్ళ వరసే దువ్వెన. చెత్త రాలిపోయి, పోగులు ఒక దిక్కుకి తిరిగి మెరుస్తాయి. ఇలా తయారైన దూదితోనే ఒంటి కదురు రాట్నం మీద నూరో కౌంటు దాకా నూలు తీస్తారు. గాంధీగారు ఈ పనితనం గురించి విని, సంగతేమిటో చూసి రమ్మని కొడుకు దేవదాసుని పొందూరు పంపారు. మరమగ్గం గుడ్డని పొందూరు పేరుతో అంటగట్టే ఈ రోజుల్లో, నిమిషం కూడా లేని ఆ వీడియో ఏ డిస్కౌంటు కన్నా ఎక్కువ మాట్లాడింది. కొనమని ఒక్క ముక్క లేకుండా, "మీరడిగిన పంచె ఇలా మొదలవుతుందండీ" అని పంపింది. రెండోసారి పలకరించేటప్పుడు చేతిలో కొత్తది ఏదో ఒకటి ఉండాలి. అది లేనప్పుడు పలకరించకపోవడమే మేలు.

వేళ కూడా చూసుకోవాలి. మనకి పొద్దున్న పదంటే, వేసవిలో న్యూయార్కులో అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ వేళప్పుడు దిండు పక్కన ఫోను టింగుమంటే ఎవరికి కొనాలనిపిస్తుంది? అక్కడివాళ్ళకి మన సాయంత్రం ఏడుకి పంపుతుంది. వాట్సాప్ బిజినెస్‌లో ఒక్కొక్కరి పేరుకీ లేబుల్ తగిలించే వీలుంది. అది చాలక తను పక్కన ఒక నోటుబుక్కూ పెట్టుకుంది. ఎవరికి ఎంత పొడుగు పంచె కావాలి, ఎవరికి గంజి పెట్టింది పడదు, ఎవరింట్లో పెళ్ళి ఏ నెలలో, అన్నీ అందులో ఉంటాయి. మా వీధిలో గంప మోసేవాళ్ళు ఇవన్నీ బుర్రలోనే పెట్టుకుంటారు.

మనవాళ్ళు మొహమ్మీద వద్దనరు. "ఇంట్లో అడిగి చెబుతా" అంటారు, "జీతాలొచ్చాక చూద్దాం" అంటారు, లేదా రెండు నీలం టిక్కులు పడ్డాక నోరెత్తరు. ఇందులో జీతాల మాట నిజమయ్యే వీలుంది కాబట్టి తను ఒకటో తారీఖు దాటాక ఒక్కసారి గుర్తు చేస్తుంది. మాటా పలుకూ లేనివాళ్ళని రెండు మెసేజిలతో వదిలేస్తుంది. మళ్ళీ ఉగాదికో, సంక్రాంతికో శుభాకాంక్షలు తప్ప ఇంకేం పంపదు. ఆ శుభాకాంక్షల కింద ధరల పట్టిక అంటించొద్దని నేను ఒకసారి గట్టిగానే చెప్పాను. పండగపూట పలకరింపులో బేరం దూర్చితే ఆ పలకరింపు కాస్తా పోతుంది.

కొనేవాళ్ళతో కూడా ఒక మాట చెప్పాలి. మనం ధర అడిగి మాయమైపోతే, అవతల ఒక ఆడపిల్ల ఆ పంచె ఇంకొకరికి ఇవ్వకుండా నాలుగు రోజులు పక్కన పెట్టి ఉంచుతుంది. అందులో నేతగాళ్ళకి ముందే కట్టేసిన డబ్బుంటుంది. నేనైతే ఈ మధ్య ఎవరేం పంపినా, అక్కర్లేకపోతే "ఈసారికి వద్దమ్మా" అని వెంటనే రాసేస్తున్నాను. ఆ రెండు ముక్కలు అందితే చాలు, అదే పంచె అడిగిన మరొకరికి ఆ పూటే పార్సిల్ కట్టేస్తారు.