బస్తరులో కదలని కారు

విజయనగరం నుంచి బయలుదేరి, సాలూరు ఘాటు ఎక్కి, కోరాపుట్, జయపురం, బొరిగుమ్మ, కోట్‌పాడ్ మీదుగా జగదల్‌పూర్ చేరే దారి తెలుగువారికి కొత్తదేమీ కాదు. 1323లో ఓరుగల్లు పతనమైన పిమ్మట కాకతీయ వంశీయుడైన అన్నమదేవుడు ఈ అరణ్యభూమికి తరలివచ్చి రాజ్యం నెలకొల్పాడని బస్తరు రాజవంశపు కథనం. దంతేవాడలో శంఖిని, డంకిని నదులు కలిసే చోట వెలసిన దంతేశ్వరీదేవి ఆ వంశానికి ఇలవేల్పు. దక్షిణాన కుంట వైపు, పడమట భోపాలపట్నం వైపు వెళ్లినవారికి నేటికీ తెలుగు మాట చెవిని పడుతుంది.

బస్తరును గురించి వ్రాసేవారు సాధారణంగా అడవిని, జలపాతాలను, డెబ్బైఅయిదు రోజుల దసరాను వర్ణిస్తారు. అవన్నీ వర్ణించదగినవే. అయితే అక్కడ నివసించేవారి బ్రతుకును శాసించేది దూరం. పూర్వపు బస్తరు జిల్లా ఒక్కటే కేరళ రాష్ట్రం కంటె పెద్దది. 1998 నుంచి విడదీస్తూ వచ్చి ఇప్పుడు దానిని ఏడు జిల్లాలు చేశారు. జిల్లాలు చిన్నవయ్యాయి గాని దూరాలు తగ్గలేదు. జగదల్‌పూర్ నుంచి కేశ్‌కాల్ ఘాటు దిగి రాయపూర్ వెళ్లాలంటే సుమారు 300 కిలోమీటర్లు. విశాఖపట్నం వెళ్లాలన్నా దాదాపు అంతే. అందుచేత ఆ ఊళ్లో కాస్త స్తోమత కలిగిన కుటుంబాలు, నిత్యం వాడినా వాడకపోయినా, ఇంట ఒక కారు ఉంచుకుంటాయి. ఏ అర్ధరాత్రి ఏ అవసరం వస్తుందోనని.

మా పెద్ద బావగారి కారు అటువంటిది. ఆయన అక్కడ ముప్పై ఏళ్లు అధ్యాపకత్వం నెరపి, విరమణ తరువాత దళపత్ సాగరం చెరువుకు చేరువలోనే ఇల్లు కట్టుకున్నారు. కారు కొని ఆరేళ్లయింది. తిరిగింది నాలుగు వేల కిలోమీటర్లకు మించదు. వారానికి రెండుసార్లు కూరగాయల బజారుకు, ఒకసారి గుడికి. ఏ దారి చూసినా రెండు కిలోమీటర్లే. తక్కిన కాలమంతా అది గుడ్డ కప్పుకుని పెరటిలో ఉండేది. దక్షిణ బస్తరులో నక్సలైట్ల హింస తీవ్రంగా ఉన్న సంవత్సరాలలో ఊరు దాటి వెళ్లరాదన్న అలవాటు చాలామందికి స్థిరపడింది. కారణం సడలినా అలవాటు నిలిచిపోయింది.

నేను వెళ్లడానికి రెండు నెలల ముందు, భాద్రపద మాసంలో ఒక వానరాత్రి అక్కయ్యకు ఊపిరి అందకుండా పోయింది. బావగారు తాళంచెవి తిప్పితే ఇంజను తిరగలేదు. టిక్కు టిక్కుమని నాలుగుసార్లు చప్పుడు చేసి, లోపలి దీపం కూడా ఎర్రబడి ఆరిపోయింది. పొరుగాయన తన జీపు తీసి ఆసుపత్రికి చేర్చాడు. అక్కయ్య కోలుకుని నాలుగు రోజులకు ఇంటికి వచ్చింది. ఆ జీపు రోజూ దంతేవాడ వరకు వెళ్లి వచ్చేది. రంగు వెలసిపోయింది, తలుపు సరిగా పడదు, రెండు లక్షల కిలోమీటర్లు దాటింది. బావగారి మనస్సులో ముల్లులా గుచ్చుకున్నది ఆ సంగతే. “ఇంత భద్రంగా చూసుకున్న బండి మోసం చేసింది గాని, అన్ని గతుకులూ తిన్న బండి ఆదుకున్నదోయ్,” అన్నారు నాతో.

మరునాడు వచ్చిన మెకానిక్కు బ్యాటరీ మార్చి ఊరుకోలేదు. ఇంజనులో నూనె పోసే మూత విప్పి చూపించాడట. మూత అడుగున మీగడ వంటి పదార్థం, పాలు ఎక్కువైన కాఫీ రంగులో, వ్రేలి మందాన పేరుకుని ఉంది. నూనెలో ముంచిన కొలపుల్లను తీసి వాసన చూస్తే పెట్రోలు ఘాటు తగిలింది. నూనె తెల్లబడితే మెకానిక్కులు మొదట అనుమానించేది రేడియేటరు నీరు లోపలికి కారుతున్నదేమోనని. అది ఖర్చుతో కూడిన మరమ్మతు. ఇతను రేడియేటరు మట్టం చూశాడు. చుక్క తగ్గలేదు. “సాబ్, ఇది బయటి నీరు కాదు, ఇంజనే పుట్టించుకున్న నీరు. బండి తిరగక ఇలా అయింది,” అన్నాడట. బావగారికి ఆ మాట నమ్మబుద్ధి కాలేదు. కారుతో వచ్చిన పుస్తకం నా చేతిలో పెట్టి, “నీవు అనువాదకుడివి కదా, ఇందులో ఏమున్నదో చెప్పు,” అన్నారు.

పుస్తకం ఇంగ్లీషులో ఉన్నది. అందులో నూనె మార్చవలసిన గడువులకు రెండు పట్టికలు ఇచ్చారు. ఒకటి సాధారణ పరిస్థితులలో వాడే బండ్లకు, రెండవది తీవ్ర పరిస్థితులలో వాడే బండ్లకు. తీవ్రమనగానే బావగారు కొండదారులు, దుమ్ము, అధిక భారం అనుకుని, తన కారు మొదటి పట్టికలోనిదేనని నిశ్చయించుకున్నారు. సహజమైన ఊహే. కాని తీవ్ర పరిస్థితుల జాబితాలో దుమ్ము దారుల ప్రక్కనే మరొక వాక్యం ఉన్నది: ఇంజను పూర్తిగా వేడెక్కక ముందే ముగిసే చిన్న ప్రయాణాలను పదే పదే చేయడం. చాలా కార్ల పుస్తకాలలో ఈ వాక్యం ఏదో ఒక రూపంలో కనిపిస్తుంది. దానిని నేను తెలుగులో చదివి వినిపించినపుడు ఆయన కొంతసేపు మాట్లాడలేదు. దుర్గమమైన దారులకు పేరుపడిన బస్తరులో, కారుకు అత్యంత కఠినమైన దారి ఇంటినుంచి కూరగాయల బజారుకు పోయే తారురోడ్డని తేలింది.

ఇందులోని రసాయనం పాఠశాలలో చదువుకున్నదే. పెట్రోలులో కర్బనం, ఉదజని ఉంటాయి. అది మండినపుడు ఉదజని గాలిలోని ప్రాణవాయువుతో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే పుట్టే నీరు ఇంచుమించు ఒక లీటరు! అందులో అధికభాగం ఆవిరిగా సైలెన్సరు గుండా బయటికి పోతుంది. కొంత మాత్రం పిస్టను చుట్టూ ఉన్న రింగుల సందులలోనుంచి క్రిందికి, నూనె ఉండే గదిలోకి దిగుతుంది. ఇంజను వేడిగా ఉంటే ఈ ఆవిరి అక్కడ నిలువదు. గాలిగొట్టం గుండా వెలుపలికి లాగబడి మళ్లీ మంటలో కలిసిపోతుంది. ఇంజను చల్లగా ఉంటే చలికాలపు కిటికీ అద్దం మీద చెమ్మ పట్టినట్లు లోహం మీద నీటిబొట్లవుతుంది. నీరు, నూనె కలిసి చిలకబడితే మీగడ. మంటలో పుట్టిన వాయువులు ఆ నీటిలో కరిగితే ఆమ్లం.

పెట్రోలు సంగతి కూడా ఇంతే. చల్లని ఇంజనులో పెట్రోలు సరిగా ఆవిరి కాదు కాబట్టి, బండి నడవడానికి అవసరానికి మించి పెట్రోలు పిచికారీ చేయవలసి వస్తుంది. మండగా మిగిలినది సిలిండరు గోడలవెంట జారి అక్కడి నూనెపొరను కడిగివేస్తుంది, అడుగున ఉన్న నూనెను పలుచన చేస్తుంది. వారంరోజులు కదలని ఇంజనులో భాగాల మీది నూనె చాలావరకు క్రిందికి కారిపోయి ఉంటుంది. తాళంచెవి తిప్పిన తొలి క్షణాలలో అరుగుదల అధికంగా ఉండేది ఇందువల్లనే. ఇక సైలెన్సరు: లోపల నిలిచిన నీరు బయటికి తరిమివేయబడక, ఇనుము పుట్టినిల్లయిన బైలాడిలకు ఇంత సమీపంలో, ఇనుమును లోలోపల తినివేస్తూ ఉంటుంది.

ఈ మాటల సత్యం చూడాలని మరునాడు ముగ్గురం చిత్రకోట బయలుదేరాము. జగదల్‌పూర్ నుంచి 38 కిలోమీటర్లు. నూనె మార్పించి రెండు నెలలు కాలేదు; బయలుదేరే ముందు మూత విప్పితే అప్పుడే పలుచని మీగడ తిరిగి పట్టి ఉంది. మార్గశిరపు చలి. ఊరి పొలిమేర దాటేసరికి రేడియేటరు వేడిని చూపే ముల్లు మధ్యకు వచ్చి నిలిచింది. అక్కడికి ఇంజను సిద్ధమైనదని మనం అనుకుంటాము. నిజానికి ఆ ముల్లు చెప్పేది నీటి వేడిని. నూనె అంతకంటె చాలా ఆలస్యంగా వేడెక్కుతుంది. అందులోని చెమ్మ, పెట్రోలు ఆవిరై పోవాలంటే అది నీరు మరిగే వేడికి దగ్గరగా వచ్చి కొంతసేపు అక్కడే ఉండాలి. రెండు కిలోమీటర్ల బజారు ప్రయాణంలో నూనె గోరువెచ్చన కూడా కాదు.

దారికి ఇరువైపులా కోతలు ముగిసిన వరిమళ్లు, ఇప్పచెట్లు. ఆ రోజు ఎక్కడో సంత ఉన్నట్టుంది. ఆడవారు తలమీద గంపలతో, మగవారు కావళ్లతో వరుసగా నడిచిపోతున్నారు. ఆరేడు కిలోమీటర్లు నడిచి సంతకు రావడం ఇక్కడివారికి విశేషం కాదు. బావగారు వారిని చూసి, తన రెండు కిలోమీటర్లను తలచుకుని కాబోలు, చిన్నగా నవ్వుకున్నారు.

చిత్రకోటలో ఇంద్రావతి గుర్రపునాడా ఆకారపు శిల అంచు మీదనుంచి సుమారు 30 మీటర్ల లోతుకు దూకుతుంది. వానకాలంలో ఈ చివరినుంచి ఆ చివరకు దాదాపు 300 మీటర్ల మేర ఎర్రమట్టి రంగు నీరు ఒకే తెరగా పడుతుంది. మేము చూసినది మార్గశిరపు చిత్రకోట. తెర చీలి తెల్లని పాయలుగా విడిపోయింది. మధ్యలో నల్లని బండలు తడిసి మెరుస్తున్నాయి. క్రింద పడవవారు యాత్రికులను తుంపరల అంచు వరకు తీసుకుపోతున్నారు. అక్కయ్య గట్టుమీద కూర్చుని, ఇంత దగ్గరలో ఉండి దీనిని చూసి ఎనిమిదేళ్లయిందన్నది.

తిరిగి వచ్చి, ఇంజను కొంత చల్లారిన పిమ్మట మూత విప్పాము. వేడి నూనె వాసనతో సన్నని ఆవిరి లేచింది. మూత అడుగున ప్రొద్దుటి మీగడ చాలావరకు కరిగిపోయి, తేనెరంగు నూనె చుక్కలు మిగిలాయి.

బ్యాటరీ విషయంలో ఒక అపోహ ఉన్నది. ఇంజనును తిప్పడానికి వంద ఆంపియర్లకు మించిన విద్యుత్తు కావాలి కనుక అదే బ్యాటరీని హరిస్తుందని చాలామంది అనుకుంటారు. అది ఒకటి రెండు సెకన్ల పని, లెక్కకు స్వల్పం. హరించేది నిలకడ. నేటి కార్లలో గడియారం, దొంగల గంట, చిన్న కంప్యూటర్లు బండి నిలిచి ఉన్నపుడు కూడా కొంచెం కొంచెం తాగుతూ ఉంటాయి. 30 మిల్లీ ఆంపియర్లే అనుకున్నా వారానికి 5 ఆంపియర్-గంటలు. చిన్న కారు బ్యాటరీ శక్తి మొత్తం 35 ప్రాంతం. వానలో దీపాలు, తుడుపుపుల్లలు, పంకా వేసుకుని అయిదు నిమిషాలు నడిపితే తిరిగి చేరేది దాదాపు ఒక ఆంపియర్-గంట. రాబడి కంటె ఖర్చు ఎక్కువైన సంసారం ఎన్నాళ్లు సాగుతుంది? అలా అర్ధాకలితో ఉంచిన బ్యాటరీలో సీసపు పలకల మీద గంధకపు లవణం గట్టిపడి, తరువాత ఎంత నింపినా పూర్వపు శక్తి రాదు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ విధించినపుడు వారాల తరబడి నిలిచిపోయిన కార్ల యజమానులు చాలామంది ఈ పాఠం ఒకేసారి నేర్చుకున్నారు.

ఆదివారాలు ఇంటిముందే పది నిమిషాలు ఇంజను ఆడించి ఆపివేయడం మరొక అలవాటు. మేలు చేస్తున్నామన్న తృప్తి తప్ప అందులో లాభం లేదు. నిలిచి ఆడే ఇంజను మెల్లగా వేడెక్కుతుంది, ఆ లోగా నీటిని, పెట్రోలును నూనెలోకి దింపుతుంది. కెనడా, స్వీడను వంటి చలిదేశాలలో రాత్రివేళ కారుకు విద్యుత్తీగ తగిలించి ఇంజనును ముందే వెచ్చబెట్టే ఏర్పాటు ఉన్నది. బస్తరు చలికి అంత అవసరం లేదు, కాస్త దూరం నడిపితే చాలు. 1912లో కాడిలాక్ కార్లకు విద్యుత్ స్టార్టరు అమర్చక ముందు, ప్రతి ప్రయాణానికీ ఇనుప కడ్డీ పెట్టి చేత్తో ఇంజనును తిప్పవలసి వచ్చేది. చేతులు నొప్పిపుట్టేలా తిప్పి రెండు కిలోమీటర్లు వెళ్లి రావాలని ఎవరికి బుద్ధి పుడుతుంది! బజారుకు కారు అనే అలవాటును ఆ సుఖమే కల్పించిందని నా అనుమానం.

డీజిలు కార్లవారికి మరొక మాట. 2020 ఏప్రిల్ నుంచి అమలైన భారత్-6 ప్రమాణాలను అనుసరించి వచ్చిన డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత ఉంటుంది. పట్టిన మసి తనంతట తాను కాలిపోవాలంటే పొగ బాగా వేడెక్కి, బండి రహదారి మీద పదిహేను ఇరవై నిమిషాలు ఆగకుండా సాగాలి. ఊళ్లోనే తిరిగే బండిలో ఆ దహనం సగంలో ఆగి, వడపోత మూసుకుపోతుంది. అదనంగా చల్లిన డీజిలు నూనెలోకి దిగుతుంది. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగేవారు డీజిలు కారు కొనకపోవడమే మేలు.

కారు ఆరోగ్యం కోసమని పెట్రోలు తగులబెట్టుకుంటూ ఊరకే తిరగాలా అని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. నాలుగు చిన్న పనులను కూడగట్టి ఒకే ప్రయాణంగా చేసుకుంటే, నాలుగుసార్లు చల్లని ఇంజనును లేపే బదులు ఒక్కసారే లేపుతాము. అది ఇంజనుకూ లాభం, పెట్రోలుకూ లాభం. ఏడాదికి వెయ్యి కిలోమీటర్లు కూడా తిరగనివారికి అద్దె బండి చవుక అవుతుందేమో లెక్క వేసుకోవడం మంచిది. బస్తరులో దసరాకు ఏటా కొత్త కర్రతో రథం కడతారు. కొద్దిరోజులు ఊరేగే బండికి ఆ వైభోగం చెల్లింది.

బావగారు కారు అమ్మడానికి ఒప్పుకోలేదు. రాత్రి అవసరం అన్న మాట ఆయనకు ఇప్పుడు వట్టి మాట కాదు. బజారుకు నడిచి వెళ్లడం మొదలుపెట్టారు. కిలోమీటర్లతో నిమిత్తం లేకుండా ఆరు నెలలకొకసారి నూనె మార్పిస్తున్నారు. ఇక వారానికొకరోజు ఊరు దాటడం. ఏ దారిన అన్నది అక్కయ్య నిర్ణయం. ఒక వారం చిత్రకోట, ఒక వారం కాంగేర్ లోయలోని తీరథ్‌గఢ్ జలపాతం. క్రిందటి నెల కొండగావ్ వరకు వెళ్లి, అక్కడి పోతపనివారి దగ్గర ఒక చిన్న ఇత్తడి ఏనుగును కొని తెచ్చుకున్నారు.