మంగు మచ్చ నేర్పిన పాఠం

ఈ నెల మా ఇంటి సంగతి ఒకటి మీతో చెప్పుకుంటాను. పదిమందికి మేలవుతుంది, రాయండని నా భార్యే అన్నది.

2008లో మా రెండో బిడ్డ కడుపులో ఉండగా ఆమె రెండు బుగ్గల మీద మంగు వచ్చింది. కాన్పు తరువాత కొందరికి దానంతటదే పోతుంది. ఆమెకు పోలేదు. మిరప కోతల రోజుల్లో ఎండకు మరీ నల్లబడేది. స్త్రీల కూడికలో ముందు కూర్చుండి పాట ఎత్తుకునే మనిషి, కొంగు చెంపల మీదికి లాక్కొని వెనుక గోడ దగ్గర కూర్చోసాగింది. "ముఖానిదేముంది, మనసు బాగుంటే చాలు" అన్నాను. ప్రసంగంలో ఆ మాట బాగానే ఉంటుంది. ఇంట్లో ఆమెకు ములుకులా గుచ్చుకున్నది.

2022లో నేనే మందుల షాపులో అడిగి ఒక క్రీము తెచ్చాను. పది రోజుల్లో ముఖం తెల్లబడింది. ఇద్దరమూ సంతోషించాము. నాలుగు నెలలకు చర్మం పలచబడి, ఎండకు మండి, మొటిమలు లేచాయి. మానేస్తే మంగు మునుపటికంటె నల్లగా తేలింది. అందులో ఉన్నది స్టెరాయిడ్. అటువంటి పలు క్రీములను డాక్టరు రాసి ఇవ్వకుండా అమ్మకూడదని 2018లోనే కేంద్ర ప్రభుత్వం నియమం పెట్టిందని నాకు తెలియదు.

ఇక లేజరే దిక్కనుకొని, పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకని దాచిన డబ్బు పట్టుకొని గుంటూరులో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాము. ఆమె ఇలా చెప్పింది.

"పాస్టరుగారూ, లేజరు వెలుగు పచ్చబొట్టు సిరాను ముక్కలు చేస్తే శరీరం దాన్ని మెల్లగా తీసేస్తుంది. మళ్లీ సిరా పోసేవాళ్లు లేరు. మంగు అలా కాదు. రంగును తయారుచేసే కణాలు చర్మంలోనే ఉంటాయి. ఉన్న రంగు పోయినా, ఎండ తగిలితే మళ్లీ చేస్తాయి. పైగా మన చామనఛాయ చర్మానికి లేజరు వేడి ఎక్కువైతే మచ్చ ఇంకా నల్లబడవచ్చు. మందులకు లొంగనప్పుడే, అనుభవమున్న వారి చేత చేయించుకోవాలి. పలచబడిన ఈ చర్మం మీద ఇప్పుడు వద్దు."

గర్భనిరోధక మాత్రలు వాడుతున్నారా అని కూడా అడిగింది. వాటివల్లా మంగు రావచ్చునట. ఎండ నుండి కాపాడే క్రీము, ఎస్.పి.ఎఫ్. 30కి తగ్గనిది, లేత రంగు కలిసినది రాసింది. రోజూ పొద్దున పూయాలి. బయట ఉంటే రెండు మూడు గంటలకొకసారి మళ్లీ పూయాలి. గొడుగు తప్పదు. రాత్రి పూత మందు ఆమె చెప్పినన్నాళ్లే.

ఏడాది ఓపిక పట్టాము. మచ్చ పూర్తిగా పోలేదు, పలచబడింది. వేసవిలో కొంచెం తేలుతుంది. ఫీజు డబ్బు ఫీజుకే చేరింది. నా భార్య మళ్లీ ముందు కూర్చుండి పాట ఎత్తుకుంటున్నది.

సోదరులారా, మీ ఇంట ఎవరైనా కొంగు ముఖం మీదికి లాక్కుంటుంటే, నాలాగా నీతి చెప్పి ఊరుకోవద్దు. నాలాగా షాపులో అడిగి మందు తేవద్దు. ఆమెను వెంటబెట్టుకొని డాక్టరు దగ్గరకు వెళ్లండి. దారిలో గొడుగు మీరు పట్టండి.