మరగ్ దారిలో టర్కీ సూప్

శంషాబాద్ ఫంక్షన్‌హాళ్లలో జరిగే హైదరాబాదీ ముస్లిం పెళ్లిళ్లలో మరగ్ అనే మటన్ సూప్ రుచి చూసినవాళ్లు దాన్ని మరచిపోరు. బొమికలతో ఉడికిన మటన్, జీడిపప్పు ముద్ద, పాలు, మీగడ. తోడుగా నాన్.

2008లో ఇక్కడ విమానాశ్రయం వచ్చాక అమెరికా దారి పట్టిన తెలుగువాళ్లెందరో! అక్కడ నవంబరు నాలుగో గురువారం థాంక్స్‌గివింగ్. కాల్చిన టర్కీ కోడి మర్నాటికి పిడచగడుతుంది. ఎముకలు మాత్రం పారేయకూడనివి. మరగ్ పద్ధతి వాటికి చక్కగా నప్పుతుంది.

ఉల్లి, అల్లం, మిరియాలతో రెండు మూడు గంటలు సన్నసెగన మరిగిస్తే ఎముకల్లోని కొల్లాజెన్ జెలటిన్‌గా మారి రసానికి జిగురు పడుతుంది. వడగట్టి, జీడిపప్పు ముద్ద, చీరిన పచ్చిమిర్చి వేయాలి. మాంసం పీలికలు చివర్లోనే. మీగడ కలిపాక తెర్లనివ్వకూడదు, విరుగుతుంది.

నిమ్మరసం గిన్నెలో కాదు, వడ్డించుకున్నాకే.